ధర్మాదా ఖాతాలో ఒక చావు

డబ్బున్నవాళ్ళ ఇంట్లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే పోలీసుల కంటే ముందు ఒక కథ వస్తుంది. గుండెపోటు అనో, ఫిట్స్ అనో, గాలి సోకిందనో అంటారు. హేతువాదులమైన మనం దెయ్యాల కథలను సులువుగానే కొట్టిపారేస్తాం. కానీ ఆ కథ వల్ల ఎవరికి లాభం అని ఎప్పుడైనా అడిగామా? నేను అడగలేదు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

మా నాన్న రైల్వే గార్డు. శ్రీకాకుళం వైపు నుంచి బిలాస్‌పూర్ వచ్చి స్థిరపడ్డ వందలాది తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. 1979లో నేను బీకాం చదువుతూ, సాయంత్రాలు ఒక సేఠ్ దగ్గర మునీమ్‌కి సహాయంగా రోకడ్ పుస్తకం రాసేవాణ్ణి. ఆ సేఠ్ ఇంట్లో పద్నాలుగేళ్ళ కుర్రాడు పని చేసేవాడు. వాళ్ళమ్మ మా క్వార్టర్స్‌లో అంట్లు తోమేది. ఒకరోజు పొద్దున్నే ఆ కుర్రాడు సేఠ్ గోదాంలో చనిపోయి ఉన్నాడు.

మధ్యాహ్నానికల్లా కాలనీ అంతా ఒకే మాట: రాత్రిపూట వేపచెట్టు కిందికి వెళ్ళాడు, గాలి సోకింది. పోస్టుమార్టం జరగలేదు. సాయంత్రానికి దహనం అయిపోయింది. ఆ వారం నేను రెండు పద్దులు రాశాను. కుర్రాడి తల్లికి 500 రూపాయలు, ధర్మాదా ఖాతా. ఫుటకర్ ఖర్చు 1,100 రూపాయలు, ఎవరికిచ్చారో పేరు లేదు. అడిగితే మునీమ్ నవ్వి, "రాయి బేటా" అన్నాడు.

నెల తర్వాత ఆ తల్లి మా ఇంటికొచ్చింది. "బాబూ, నా బిడ్డ మెడ మీద కమిలిన గుర్తుంది. నువ్వు సదువుకున్నోడివి, ఠాణాకి ఒక కాయితం రాసిపెట్టు" అంది. రేపు రాస్తానన్నాను. నాన్న వద్దన్నారు, నాకూ భయం వేసింది. ఆ రేపు రాలేదు. ఆమె రెండుసార్లు వచ్చి, తర్వాత రావడం మానేసింది.

అది హత్య అని నీకెలా తెలుసు అని మీరడగవచ్చు. నాకు తెలియదు. సేఠ్ నిర్దోషే కావచ్చు. కుర్రాడికి నిజంగా ఏదో జబ్బే ఉండవచ్చు. అయితే ఆనాటికే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 174వ సెక్షన్ ఉంది. అనుమానాస్పద మరణం మీద పోలీసులు విచారణ జరపాలి, కారణంలో సందేహం ఉంటే శవాన్ని డాక్టరు పరీక్షకు పంపాలి. అది జరగలేదు కాబట్టి నిజం తెలుసుకునే దారి ఆ సాయంత్రమే చితి మీద కాలిపోయింది. దర్యాప్తును అడ్డుకుంటే దోషి తప్పించుకుంటాడనే మనం అనుకుంటాం. నిర్దోషి తన నిర్దోషిత్వం రుజువు చేసుకునే అవకాశమూ అప్పుడే పోతుంది.

ఇది పేదవాళ్ళకే జరుగుతుందనుకోకండి. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి తన ఇంట్లోనే చనిపోయి కనిపించారు. ఒంటి నిండా గాయాలున్నా మొదట బయటికి వచ్చిన మాట గుండెపోటు. హత్య అని పోస్టుమార్టం చెప్పాకే ఆ కథ ఆగింది. ఆయన కూతురు కోర్టుకెక్కాక, 2020 మార్చిలో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. చేసిందెవరో కోర్టే తేల్చాలి, నేను చెప్పను. కానీ ఒక మాజీ ముఖ్యమంత్రి తమ్ముడి కేసులోనే సొంత కుటుంబం ఇంత తిరగవలసి వస్తే, అంట్లు తోమే తల్లి ఎక్కడికి వెళ్తుంది?

మా రాష్ట్రంలోనే ఇంకో పద్ధతి చూశాం. 2003 జూన్ 4న రాయ్‌పూర్‌లో ఎన్సీపీ నాయకుడు రామావతార్ జగ్గీని కాల్చి చంపారు. రాష్ట్ర పోలీసులు ఐదుగురిని పట్టుకుని వీళ్ళే హంతకులన్నారు. వాళ్ళు అసలు హంతకులు కారని, తెచ్చి నిలబెట్టిన నకిలీ నిందితులని తర్వాత సీబీఐ తేల్చింది. 2007లో కోర్టు శిక్ష వేసిన 28 మందిలో పోలీసు అధికారులు కూడా ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్‌లోని మా హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది. అంటే నేరం జరిగిన 21 ఏళ్ళకు.

నేను డిగ్రీ అయ్యాక రక్షణ శాఖ అకౌంట్స్‌లో చేరి రిటైరయ్యాను. అక్కడ మాకు నేర్పిన మొదటి పాఠం: వోచరు లేనిదే పద్దు పాస్ చేయకు. పెద్ద హోదా ఉన్న అధికారి సంతకం పెట్టినా సరే. ఎన్నో బిల్లుల మీద అభ్యంతరం రాశాను. 500 రూపాయల ధర్మాదా పద్దు మీద మాత్రం రాయలేదు. ఆ తల్లి తలరాత అని సరిపెట్టుకున్న కాలనీని నేను వెక్కిరించలేను. వాళ్ళది మూఢనమ్మకం. దెయ్యం లేదని తెలిసి కూడా నోరు మూసుకున్నాను నేను.

సభ్యులకు నా మనవి ఒకటే. మీ వీధిలో ఇలాంటి చావు జరిగితే గాలి సోకడం అబద్ధమని ఉపన్యాసం ఇచ్చి ఊరుకోకండి. దహనానికి ముందే పోస్టుమార్టం అడగండి. పాత 174 స్థానంలో 2024 జూలై నుంచి కొత్త సంహితలో 194వ సెక్షన్ ఉంది. ఠాణాలో ఫిర్యాదు నమోదు చేసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. చదువురాని వాళ్ళొచ్చి కాగితం రాసిపెట్టమంటే అప్పుడే రాయండి. రేపు అనకండి.