మామిడి పూతవేళ సన్నాయి పాట

ధనుర్మాసం తెల్లవారుజామున గుడి మైకు మోగిందంటే మా తిరువూరులో పాటల కాలం మొదలైనట్టే. అక్కణ్ణుంచి శ్రీరామనవమి పందిళ్లు విప్పేదాకా ఊళ్లో ఏదో ఒక మూల పాట వినిపిస్తూనే ఉంటుంది. ముగ్గుల నెల వెళ్లేసరికి తోటల్లో మామిడి పూత, దాని వెనకే మాఘమాసం పెళ్లిళ్లు, శివరాత్రి జాగరణ, నవమి కల్యాణం. ఈ నాలుగు నెలల్లో చెవిన పడ్డవాటి ముచ్చట్లు, వింటూ అనుకున్న మాటలు ఈసారి మీతో చెప్పుకుంటాను. పాటంటే నాకు ప్రాణం. అందుకని మెచ్చుకోలైనా ఫిర్యాదైనా మనసులో ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

ముందు గుడి మైకు సంగతి. ఒకప్పుడు క్యాసెట్ పెట్టేవారు, ఇప్పుడు ఫోను తగిలిస్తున్నారు. పాటలు మాత్రం చాలావరకు పాతవే, అది మన అదృష్టం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి రామదాసు కీర్తనలు వస్తే చలిలోనూ నేను వీధి అరుగు మీదికి వచ్చి కూర్చుంటాను. విజయవాడ రేడియో వారి భక్తిరంజనిలో ఇలాంటివి వింటూ పెరిగిన ఇళ్లు మా వైపు లెక్కలేనన్ని. బాలమురళి గారంతటి విద్వాంసుడు ఆ కీర్తనల దగ్గర తన విద్వత్తునంతా పక్కన పెట్టి, మాటను ముందు నిలబెట్టారు. ఎక్కడా సంగతులు గుప్పించలేదు. పొలం వెళ్లే మనిషి కూడా వెంట పాడుకోగలడు. రామదాసు పాటలకు ఇంతకన్నా మంచి రికార్డింగు నేను వినలేదు.

ఘంటసాల గారి భగవద్గీత విషయంలో మాత్రం నాకో బాధ ఉంది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుని, వేల పాటలు పాడిన ఆ మనిషి 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు. గీత ఆయన చివరి రోజుల్లో పాడింది. శ్లోకం పాడుతున్నప్పుడు గొంతులో ఉన్న గాంభీర్యం, తాత్పర్యం చెబుతున్నప్పుడు ఇంట్లో పెద్దాయన పక్కన కూర్చుని చెబుతున్నంత చనువు, రెండూ ఒకే రికార్డులో దొరుకుతాయి. అలాంటిదాన్ని మనం చావింటికి గుర్తుగా చేసి కూర్చున్నాం. వీధిలో గీత వినిపిస్తే చాలు, ‘ఎవరు పోయారు’ అని అడుగుతున్నాం. యుద్ధం ముందు నిలబడి వణుకుతున్నవాడికి ధైర్యం చెప్పిన మాటలవి. బతికున్నవాళ్ల కోసం పాడినవి. పరీక్షకు వెళ్లే పిల్లలున్న ఇంట్లో, పంట పోయి దిగులుగా కూర్చున్న ఇంట్లో ఒక ఉదయం పెట్టి చూడండి. దాని బలం అప్పుడు తెలుస్తుంది.

సంక్రాంతి అటూఇటూగా పుష్య బహుళ పంచమి వస్తుంది. త్యాగరాజస్వామి ఆరాధన. ఆ రోజు నేను తిరువూరు బస్టాండులో తెల్లవారకముందే ఉంటాను, ఆరాధన వినడానికి విజయవాడ వెళ్లే బస్సు కోసం. ఆ ఊరికి త్యాగయ్యతో చుట్టరికం ఉంది. త్యాగయ్య శిష్య పరంపరలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు. పంతులు గారు బెజవాడలో కూర్చుని పాఠం చెప్పబట్టే బాలమురళి గారు వచ్చారు, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు వచ్చారు. రామస్వామి గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి గారికీ వచ్చింది. ఒక ఊరి సంగీతానికి ఒకే ఏడు రెండు పద్మాలు.

ఆరాధనలో జరిగే పంచరత్న గోష్ఠి గురించి ఒక్క మాట. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు రాగాల్లో త్యాగయ్య చేసిన అయిదు కీర్తనలూ వరసగా పాడతారు. నాటలో ఉత్సాహం, ఆరభిలో వేగం సహజంగానే పుడతాయి. చిక్కంతా వరాళి దగ్గరే. అది నెమ్మదిగా, బరువుగా నడవాల్సిన కీర్తన. అప్పటికే గంట దాటి ఉంటుంది, భోజనాల వేళ దగ్గర పడుతుంది, పాడేవాళ్లు తొందరపడతారు. గురువు వరాళిని శిష్యుడికి నేరుగా చెప్పకూడదన్న నమ్మకం ఒకటి సంగీతం వాళ్లలో ఉంది. నమ్మకం మాట ఎలా ఉన్నా, ఆ రాగానికి ఉన్న మర్యాద అందులో తెలుస్తోంది కదా. భోజనం పావుగంట ఆలస్యమైనా ఫరవాలేదు, వరాళిని పరుగెత్తించకండి. గోష్ఠి నడిపించే పెద్దలకు నా మనవి ఇదే.

ఇక మాఘమాసం పెళ్లిళ్లు. నేను చెప్పదలచుకున్న అసలు కబురు ఇక్కడే ఉంది.

మొన్న ఒక పెళ్లికి వెళ్లాను. మండపం ఒక పక్క మనిషెత్తు డీజే బాక్సులు, ఇంకో పక్క చాప మీద సన్నాయి మేళం. ఇద్దరు సన్నాయి, ఒకరు డోలు, శ్రుతి పెట్టె పట్టుకుని ఒక కుర్రాడు. బాక్సులు ఆగినప్పుడల్లా సన్నాయి వాళ్లలో పెద్దాయన వాద్యం పీక తడి చేసుకుని ఎత్తుతున్నాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే మళ్లీ దడదడ. నేను కుర్చీ తీసుకెళ్లి ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. ఆయన నావైపు ఒకసారి చూసి, మోహన రాగం అందుకున్నాడు. ఆలాపన పెరుగుతూ ఉంటే డోలు ఆయన వంగి మరీ వింటున్నాడు. వంటల దగ్గర నుంచి ఇద్దరు ముసలమ్మలు వచ్చి నిలబడ్డారు. అంతలో పురోహితుడు గట్టిమేళం అన్నాడు, మేళమంతా ఒక్క పెట్టున లేచింది. ఆ రోజు నేను తిన్న పెళ్లి భోజనం గుర్తులేదు. ఆ మోహన మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

సన్నాయి ఆరుబయట పుట్టిన వాద్యం. రథం ముందు నడుస్తూ వీధి చివరిదాకా వినిపించేలా దాన్ని చేశారు. దానికి మైకు అక్కర్లేదు. పెట్టాలనుకుంటే నాలుగడుగుల దూరంలో పెట్టండి. నోటికి ఆనించి పెడితే కీచుమంటుంది, వినేవాడు సన్నాయినే తిట్టుకుంటాడు. పీకలోకి వెళ్లే ఊపిరిని ఎంత బిగించాలి, ఎంత వదలాలి అన్నదాని మీదే గమకం ఆధారపడుతుంది. పక్కన బాక్సులు మోగుతుంటే ఊదేవాడికి తన ఊపిరే తనకు వినపడదు. ఇక గమకం ఎక్కడిది?

ఈ మాట తిరువూరు వాళ్లకు చెప్పడానికి నాకో కారణం ఉంది. మన పక్కనే గంపలగూడెం మండలంలో గోసవీడు ఉంది. ఆ ఊరి షేక్ హసన్ సాహెబ్ గారు భద్రాచలం రామయ్య సన్నిధిలో ఏళ్ల తరబడి సన్నాయి, అదే నాదస్వరం, ఊదారు. రాముడి మేలుకొలుపుకీ పవళింపుకీ సన్నాయి కావాలి. ఆ సన్నాయి పట్టిన చేయి ఒక ముస్లింది. మన వైపు ఇది వింత కాదు, తరాలుగా ఉన్నదే. ప్రకాశం జిల్లా కరవది నుంచి శ్రీరంగం వెళ్లి స్థిరపడిన షేక్ చినమౌలానా గారు, వారి శిష్యులు షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులు, అందరూ ఆ కోవలోని వారే. ఆ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. హసన్ సాహెబ్ గారు 2021లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. దేశం గుర్తించిన ఆ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సన్నాయి రుచి తెలియనివాళ్లు సినిమాతో మొదలుపెట్టినా మంచిదే. ‘మురిపించే మువ్వలు’లో గాయని జానకమ్మ గొంతు కారుకురిచ్చి అరుణాచలం గారి నాదస్వరానికి దీటుగా నిలబడిన పాట వినండి. ఏది గొంతో ఏది వాద్యమో ఒక్కోచోట పోల్చుకోలేం. తమిళంలో ‘తిల్లానా మోహనాంబాళ్’ 1968లో వచ్చింది, కథంతా ఒక నాదస్వర విద్వాంసుడిదే. దానికి సంగీతం మన కె.వి. మహదేవన్ గారు. పన్నెండేళ్ల తర్వాత ఆయనే ‘శంకరాభరణం’ చేసి, రాగం పేరు తెలియని పల్లెల చేత కూడా రాగం పాడించారు. సన్నాయిది కాకపోయినా ఇంకో రికార్డు చెప్పాలి. ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ 1986 నాటిది. త్యాగరాజుకీ జర్మనీ సంగీతకర్త బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చిన ఆల్బమ్. మాటల్లేకుండా వయొలిన్ నాలుగు తీగలతో ఎంత చెప్పవచ్చో తెలియాలంటే దాన్ని రాత్రిపూట, దీపం తగ్గించి వినాలి.

రికార్డు గొప్పదే. పోయినవాళ్ల గొంతును మనకు మిగిల్చింది. కానీ రికార్డుకు ఎదుటి మనిషి మొహం కనపడదు. ఆ పెళ్లిలో పెద్దాయన మోహనను పెంచింది ఎదురుగా ఒకడు కూర్చుని వింటున్నాడనే కదా. వినేవాడు లేకపోతే ఆ విద్య వాళ్ల పిల్లలకు అందదు.

అందుకే ఈ విన్నపం. మీ ఇంట పెళ్లి పెట్టుకుంటే సన్నాయి మేళాన్ని ముందే మాట్లాడుకోండి. ముహూర్తానికి ముందు ఒక్క అరగంట డీజేని ఆపించండి. మేళం ఎదురుగా నాలుగు కుర్చీలు వేయించి, పిల్లల్ని కూర్చోబెట్టండి. అయ్యాక పెద్దాయన దగ్గరికి వెళ్లి, ‘ఇప్పుడు ఊదింది ఏ రాగం బాబాయ్?’ అని అడగండి.