అడ్డనార ముడి

దసరా సెలవులకి పిల్లలు ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన మర్నాడే మా ఇంటి పని మొదలవుతుంది. మేము ఐదుగురం. అమ్మ, మేమిద్దరం, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి. మాది పాడేరు వైపు కొండల్లో ఒక ఊరు. ఆ రోజులకి వానలు తగ్గుతాయి. మెట్టల మీద వలిసె పూలు పచ్చగా విరగబూస్తాయి. తెల్లవారుజామున పొగమంచు దిగుతుంది. మట్టి ఇంకా మెత్తగా ఉంటుంది, పగలు ఎండ కాస్తుంది. ఈ రెండూ కలిసొచ్చేది ఇప్పుడే. చలి ముదరకముందే ఇల్లు బాగుచేసుకోవాలి.

ముందు పైకప్పు. కోతులు తిరగేసిన గూనపెంకులు, వానకి పుచ్చిన వెదురు బద్దలు తీసేస్తాం. కొత్త బద్దల్ని వాసాలకి అడ్డనారతో కడతాం. అడవిలో అడ్డతీగ పట్ట ఒలిచి, రాత్రంతా నీళ్లలో నానబెడితే నార మెత్తగా వంగుతుంది. ఆ తర్వాత చూరు నుంచి మొదలుపెట్టి పైకి పేర్చుకుంటూ పోతాం. పై పెంకు కింది పెంకు మీద ఎక్కి కూర్చోవాలి. లేకపోతే నీళ్లు లోపలికే వస్తాయి.

తర్వాత గోడలు. మట్టిలో గడ్డి తరిగి వేసి, రాత్రి నానబెట్టి, పొద్దున్నే కాళ్లతో తొక్కుతాం. గడ్డి ఉంటే గోడ నెర్రెలివ్వదు. ఆ మట్టితో పగుళ్లు పూడ్చి, ఆరాక పేడ కలిపిన ఎర్రమట్టితో అలుకుతాం. కింద జానెడు ఎత్తున నల్లమట్టి అంచు తీస్తాం. చివరికి పొయ్యి. పాత పొయ్యి తవ్వి తీసేసి కొత్తది వేయడం అమ్మ పని. అది ఆరిన రోజున అందులో మొదట కాల్చేది ఆకు రొట్టె.

ఈ పనంతా మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిందే. దీన్ని చదువు అనుకోలేదు, అంతే. టీచర్ ట్రైనింగ్ చేసి బడిలో చేరాక ఒక ఏడాది మూడో తరగతికి ఇళ్ల గురించి పాఠం చెప్పాం. బోర్డు మీద నిలువుగా గీత గీశాం. ఒక పక్క ‘పక్కా ఇల్లు’, ఇంకో పక్క ‘కచ్చా ఇల్లు’ అని రాశాం. సిమెంటు, ఇటుక, ఇనుము ఇటు. మట్టి, వెదురు, గడ్డి అటు. ముందు వరసలో కూర్చున్న పాప లేచి అడిగింది.

“మాస్టారూ, కచ్చా అంటే మంచిది కాదా?”

“గట్టిది కాదు అని” అన్నాం.

మర్నాడు మీ ఇంటి బొమ్మ వేయండి అంటే పదిహేడు మంది పిల్లలూ డాబా ఇళ్లే వేశారు. ఆ ఊళ్లో అప్పటికి ఒక్క డాబా కూడా లేదు. బొమ్మలన్నీ గోడకి అంటించాం గానీ, వాటిని చూసినప్పుడల్లా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఆ పిల్లలకి వాళ్ల ఇల్లు చిన్నదని చెప్పింది ఎవరో కాదు, మట్టి ఇంట్లో పుట్టిన మేమే.

మట్టి ఇంటికి కష్టాలు లేవని మేము అనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి పెంకులు సగం పైగా లేచిపోయాయి. తడిసిన వెనక గోడ రెండో రోజు కూలింది. అమ్మ అటువైపు పడుకోలేదు కాబట్టి మిగిలింది. ఆ రాత్రి డాబా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాం. ఇప్పటికీ, డబ్బు కూడితే ఒక గదైనా స్లాబు వేయాలనే మా ఆశ. కానీ ఆ ఏడాది ఇంకొకటి కూడా చూశాం. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. కరెంటు లేదు. కింద నుంచి ఏదీ రావడానికి లేదు. అయినా ఊళ్లో వాళ్లం ఎవరి కోసమూ ఆగలేదు. రోజుకొక ఇల్లు అనుకుని అందరం కలిసి కట్టుకుంటూ వచ్చాం. వెదురు కొండ మీద ఉంది, మట్టి కాళ్ల కింద ఉంది, ముడి వేయడం చేతులకి తెలుసు. కూలిన ఇంటిని మళ్లీ నిలబెట్టుకోవడం తెలిసిన ఊరిని కచ్చా అని ఎలా రాస్తాం?

ఆ చేతులే ఇప్పుడు తగ్గిపోతున్నాయి. మా అబ్బాయి హాస్టల్లో చేరాక వచ్చిన మొదటి దసరాకి వాసం మీద కూర్చుని నార చేతిలో పట్టుకుని దిక్కులు చూశాడు. ముడి మరిచిపోయాడు. పైగా “మా ఫ్రెండ్‌ని తీసుకొద్దామనుకున్నాను గానీ, ఇల్లు ఇలా ఉంది కదా” అన్నాడు. వాడిని కోప్పడలేకపోయాం. ఆ మాట మా బోర్డు మీద నుంచి దిగి వచ్చినదే. మేమూ వాసం ఎక్కి వాడి పక్కన కూర్చున్నాం. రెండు చుట్లు, ఒక మెలిక, కింద నుంచి లాగడం. పది బద్దలు కట్టేసరికి వాడి చేయి కుదిరింది.

కిందటేడు అమ్మకి చేతి నొప్పి. పొయ్యి వేయలేనంది. గడప మీద కూర్చుని చెబుతుంటే మా అమ్మాయి వేసింది. ఎడమ గట్టు కొంచెం వంగింది. మూడు రోజులు ఆరబెట్టాం.

నాలుగో రోజు సాయంత్రం రొట్టె. కొత్త పండుగ చేసి దేవతకి పెట్టకుండా కొత్త గింజ ముట్టం. అందుకని పాత చోళ్లే విసిరాం. గుమ్మడికాయ కోరి, బెల్లం దంచి చోడి పిండిలో కలిపాం. నీళ్లు పోయక్కర్లేదు, గుమ్మడి తడే సరిపోతుంది. పిల్లలు అడ్డాకులు పుల్లలతో కుట్టారు. అరచేతి మందాన పిండి పరిచి, పైన ఇంకో ఆకు మూసి, కాలిన పొయ్యిలో పెట్టి, మీద బూడిద, ఆ పైన నిప్పులు కప్పాం. కాసేపటికి ఆకు కాలిన వాసనతో పాటు బెల్లం వాసన ఇల్లంతా నిండింది. అలికిన గోడ వాసన కూడా అందులోనే.

తీసి చూస్తే ఒక పక్క మాడిపోయింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది. “నేను వేసిన పొయ్యి వంకర కదా, అందుకే” అంది. అమ్మ మాడిన పక్కే తుంచుకుని నోట్లో వేసుకుంది.

“పొయ్యికి వంక లేదే అమ్మా. నిప్పు ఎక్కువేశావు, అంతే. రేపు తగ్గించు.”

రేపు అనే మాట వినగానే అమ్మాయి నవ్వింది. మిగతా రొట్టె గిన్నెలో ఉండగానే అయిపోయింది.

సెలవులయ్యాక బడికి వెళ్లి ఇళ్ల పాఠం మళ్లీ తీశాం. బోర్డు మీద గీత గీయలేదు. “ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఏం బాగుచేశారు? దేనితో? ఎవరు నేర్పారు?” అని మూడు ప్రశ్నలు రాశాం. ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా చేతులెత్తారు. వాసాలు లెక్కపెట్టారు, గోడలు జానలతో కొలిచారు. మట్టికి గడ్డి ఎంత కలపాలో వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. ఇంటి భాషలో చెప్పిన మాటలు అలాగే రాశాం, బోర్డు నిండిపోయింది. పక్క బళ్లలో పాఠం చెప్పే మీరు కూడా ఒకసారి ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి.

ఈ దసరాకి మా అబ్బాయి ఫ్రెండ్‌ని తీసుకొస్తానని కబురు పెట్టాడు. ఒక్కటే అడిగాడు, నార ముందే నానబెట్టొద్దట. వాడే వచ్చి నానబెడతాడట.