తీగలు తగిలించుకుని రెండో రాత్రి

విజయవాడలో ఒక ఆసుపత్రి నాలుగో అంతస్తు, కారిడార్ చివర చిన్న గది. మంచం, ఏసీ, గోడ మీద కెమెరా. రాత్రి తొమ్మిదింటికి వెళ్లాను. ఏడాదిన్నర కిందట ఈ స్లీప్ ల్యాబ్‌లోనే ఒక రాత్రి పడుకున్నాను. అప్పుడు నా బరువు 94 కిలోలు, ఇప్పుడు 82. టెక్నీషియన్ అబ్బాయి చూడగానే గుర్తుపట్టి, "బాగా చిక్కారు సార్" అన్నాడు. అప్పటి నుంచి రాత్రిపూట వాడుతున్న మెషిన్‌తో ఇక పనిలేదని చెబుతారేమోనని ఆశపడుతూ వచ్చాను.

మొదటిసారి నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మా ఆవిడ. గురక పెడితే ఒళ్లెరగని నిద్ర అని మా ఇంట్లో నమ్మకం. మా నాన్న గురక వీధి అరుగు దాకా వినిపించేది. "పొద్దంతా పొలంలో కష్టపడ్డాడు, పడుకోనివ్వండి" అనేది నాయనమ్మ. ఎన్ని మాత్రలు మింగినా నాన్నకి బీపీ దిగేది కాదు. ఆ గురకకీ ఈ బీపీకీ సంబంధం ఉండొచ్చని మాకెవరికీ తట్టలేదు. మా ఆవిడ గురకకి భయపడలేదు, అది ఆగినప్పుడు భయపడింది. "చప్పుడు ఆగిపోతుందండీ, ఊపిరీ ఆడదు. ఇరవై దాకా లెక్కపెట్టి కుదిపేస్తున్నాను" అంది. సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు పడుతోందన్న సంగతి నేను ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సింది.

తలకి నూనె రాసుకోకుండా తలస్నానం చేసి రమ్మన్నారు. టెక్నీషియన్ జుట్టు పాయలు తీసి, గరుకు పేస్టుతో మాడు రుద్ది, ఒక్కో తీగ అంటించాడు. కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద కూడా. ఛాతీకొక పట్టీ, పొట్టకొక పట్టీ, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఎర్రలైటు క్లిప్పు. అన్నీ అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది.

అడిగితే నా పాత రికార్డు తెర మీద చూపించాడు. ముక్కు గాలి గీత చదునుగా పడి ఉంది. దాని కింద ఛాతీ గీత మాత్రం ఊగుతూనే ఉంది. ఊపిరితిత్తులు లాగుతున్నాయి, గొంతు మూసుకుపోయింది. ఆక్సిజన్ దిగుతూ దిగుతూ ఒకచోట మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, మళ్లీ నిద్ర. తెల్లారితే ఏదీ గుర్తుండదు. 10 సెకన్లకి తగ్గకుండా గాలి ఆగినా, బాగా సన్నగిల్లి ఆక్సిజన్ దిగినా లెక్కలోకి వస్తుంది. అలా గంటకి 5 లోపైతే ఫర్వాలేదు, 30కి చేరితే తీవ్రం. నాది 38. ఆ గీతలు చూస్తుంటే, పక్కన కూర్చుని లెక్కపెట్టిన మనిషి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

ఆ మొదటి పరీక్ష అప్పుడే సీపాప్ మెషిన్ ఇచ్చారు. మాస్కులోంచి గాలిని కాస్త ఒత్తిడితో పంపి గొంతు మూతపడకుండా ఆపుతుంది. సిడ్నీలో కోలిన్ సలివన్ కనిపెట్టి 1981లో లోకానికి వెల్లడించిన పద్ధతి. మొదటి వారం మాస్కు పీకి పారేశాను. రెండో నెలకి పగటి మత్తు వదిలింది. అదివరకు నడవమంటే అడుగు పడేది కాదు. మత్తు వదిలాకే కరకట్ట మీద రోజూ గంట నడవగలిగాను, రాత్రి అన్నం తగ్గించగలిగాను. బరువు తగ్గితే జబ్బు తగ్గుతుందంటారు. నా విషయంలో ముందు నిద్ర కుదిరింది, తర్వాతే బరువు దిగింది.

పొద్దున డాక్టరుగారు కొత్త లెక్క చెప్పారు: 24. వెల్లకిలా పడుకున్నప్పుడే ఎక్కువసార్లు ఆగిందట. కొవ్వు మెడ చుట్టూనే కాదు, నాలుకలో కూడా పేరుకుంటుందని ఆమె చెప్పారు. బరువు తగ్గినప్పుడు ఆ నాలుక కొవ్వు కరగడమే ఎక్కువ మేలు చేస్తోందని 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు స్కానింగులతో చూపించారు. 2024 డిసెంబరులో అమెరికాలో ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్లకి టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని అనుమతించారు. అదీ ప్రధానంగా బరువు తగ్గించే పనిచేస్తుంది.

"మరి మెషిన్ ఆపేయొచ్చా?" అన్నాను.

"24 అంటే ఇంకా మధ్యస్థమేనండీ. దవడ తీరు వల్ల సన్నగా ఉన్నవాళ్లకీ ఇది వస్తుంది. బరువు తగ్గానని సొంతంగా ఆపేయకండి. ఇంకొన్ని కిలోలు దిగాక మళ్లీ పరీక్ష చేద్దాం" అన్నారు.

మాస్కు సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చాను. మీ ఇంట్లో గురక పెట్టేవాళ్లుంటే ఒక్క రాత్రి మేలుకుని వినండి. చప్పుడు ఆగినప్పుడు ఊపిరి కూడా ఆగుతుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.