ఏ బొమ్మ మంచి బొమ్మ?

మా డార్మెటరీలో రాత్రి లైట్లు తీసేసిన తర్వాత కూడా ఒక గొడవ నడుస్తా ఉంటుంది. అన్నం గురించి కాదు, నీళ్ల గురించి కాదు. బొమ్మల గురించి. లైబ్రరీ బీరువాలో ఉన్న బొమ్మల కథల పుస్తకాల్లో ఏ బొమ్మలు బాగుంటాయి అని. ఈ గొడవలో నేను ఒక తప్పు చేసినాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. అక్కలు, చెల్లెళ్లు, మేడంలు అందరూ చివరిదాకా చదవండి.

ముందు గొడవ సంగతి. బీరువా పై అరలో పాత చందమామలు ఉన్నాయి. ఒక్కో ఏడాదివి కలిపి కుట్టి అట్ట వేసినారు. కింది అరలో కొత్త కామిక్స్ ఉన్నాయి. నున్నటి కాగితం, కంప్యూటర్‌లో వేసిన రంగులు. నేను పై అర పార్టీ. నా పక్క మంచం పిల్ల కింది అర పార్టీ. ఆమెది పత్తికొండ దిక్కు సుగాలి తాండా. మాది ఆత్మకూరు అడవిలో చెంచు గూడెం.

మా ఇంట్లో మొదట బడికి వచ్చింది నేనే. నాలుగో తరగతి దాకా నాకు చదవడం సరిగ్గా రాలేదు. విక్రమార్కుడు, బేతాళుడు బొమ్మ చూసి, కింద ఏం రాసినారో తెలుసుకోవాలని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. చేతిలో కత్తి, భుజం మీద శవం, రాత్రి పూట రాజు నడుస్తా ఉంటాడు. ఆ బొమ్మ వేసింది శంకర్ గారు అని లైబ్రరీ సార్ చెప్పినారు. ఆయనది తమిళనాడు, అసలు పేరు కె.సి. శివశంకరన్. 2020లో చనిపోయినారు. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు దాటినాయి. వడ్డాది పాపయ్య గారు అని శ్రీకాకుళం ఆయన అట్టల మీద రంగుల బొమ్మలు వేసేవారు. కింద 'వపా' అని సంతకం ఉంటుంది. చందమామ 1947 జులైలో మొదలయింది. పెట్టింది నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు. నాగిరెడ్డి గారు మన కడప జిల్లా ఆయనే అని సార్ చెప్తే నాకు గొప్పగా అనిపించింది. ఆ పత్రిక 2013లో ఆగిపోయింది. అయినా మా బీరువాలో అది ఇంకా బతికే ఉంది.

నా స్నేహితురాలు ఇవేవీ వినదు. "ఏమే, నీ చందమామలో అందరూ ఫోటో దిగేకి నిలబడినట్లు ఉంటారు. నా బుక్కులో చూడు. దూకుతారు, కొడతారు, పరిగెత్తుతారు. ఒక గడిలో కాలు ఎత్తితే ఇంకో గడిలో తగుల్తుంది" అంటుంది. అది నిజమే. కామిక్స్‌లో కథంతా బొమ్మల్లోనే పోతుంది. చందమామలో కథ అక్షరాల్లో పోతుంది, బొమ్మ పక్కన తోడు ఉంటుంది. రెండూ వేరే పనులు. కానీ అప్పుడు నాకు ఆ తెలివి లేదు. "నీ బొమ్మల్లో కండలు చూస్తే చొక్కాలో వంకాయలు కుక్కినట్లుంది. అవి చూసేవాళ్లకు చదువు రాదు" అన్నాను. ఆమెకు అప్పటికి చదవడం తక్కువగా వచ్చు. ఆ మాట ఆమెకు తగిలింది. నాకు తెలిసే అన్నాను.

ఇప్పుడు తప్పు సంగతి.

కింది అరలో ఒక కామిక్ పుస్తకం ఉంది. పేరు రాయను. అందులో రాజకుమారుడు అడవికి పోతాడు. అక్కడ అడవి మనుషులు వస్తారు. వాళ్లకు నెత్తిన ఈకలు, మెడలో ఎముకలు, నడుముకు పులితోలు. పళ్లు బయటికి పెట్టి ఎగురుతా ఉంటారు. వాళ్లకు మాటలు కూడా లేవు. గడిలో "హో హో" అని మాత్రమే రాసినారు. ఆ పేజీ చూసి ఆరో తరగతి పిల్లలు నవ్వినారు. ఒక పాప నా దగ్గరికి వచ్చి, "అక్కా, మీ గూడెం ఇదేనా?" అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. అందుకే నాకు ఎక్కువ బాధ అయింది.

ఆ రోజు సాయంత్రం స్టడీ అవర్లో ఆ పేజీ చించి లంగా మడతలో పెట్టుకున్నాను. తర్వాత నా ట్రంకు పెట్టెలో అడుగున దాచినాను.

మూడు రోజులకు వార్డెన్ మేడం ప్రార్థన దగ్గర అడిగినారు. ఎవరూ చెప్పలేదు. ఆ పుస్తకం ఎప్పుడూ నా స్నేహితురాలి చేతిలోనే ఉంటుంది కాబట్టి అందరూ ఆమె అనుకున్నారు. ఆమెకు రెండు వారాలు లైబ్రరీ బంద్ అయింది. "నేను చించలేదు మేడం" అని ఏడ్చింది. నేను ఆమె పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

రెండో ఆదివారం మా తాత చూడను వచ్చినాడు. వేపచెట్టు కింద కూర్చుని నేను ఆ పేజీ తీసి చూపించినాను. మా తాతకు చదువు రాదు. కానీ బొమ్మను చాలాసేపు చూసినాడు. కోపపడతాడు అనుకున్నాను. నవ్వినాడు.

"ఈ బొమ్మ గీసినాయన ఎప్పుడూ విల్లు పట్టలేదు పాపా. తాడు చెవిదాకా గుంజినాడు, విల్లు ఏమో వంగనే లేదు. ఇది వెదురా, ఇనుమా?" అన్నాడు. మళ్లీ చూసి, "పులితోలు కట్టుకుని అడవిలో తిరిగేటోన్ని నేను యాడా చూడలే" అన్నాడు.

మంచి బొమ్మలు చూపిద్దామని పై అర నుంచి ఇంకో పాత కథల పుస్తకం తెచ్చినాను. అది చందమామ కాదు. అందులో వేటగాళ్ల బొమ్మ ఉంది. గీత ఎంత సన్నగా, ఎంత అందంగా ఉందో! తాత చూసి, "వీళ్లూ అంతే. ఆడ రంగు ఎక్కువ, ఈడ రంగు తక్కువ" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. పాతది మంచిది, కొత్తది చెడ్డది అని నేను ఇన్ని రోజులు కొట్లాడినాను. అసలు సంగతి అది కాదు.

పోయేటప్పుడు తాత ఆ పేజీ నా చేతిలో పెట్టి, "చింపితే ఈడు పోతాడా? ఇంకో బుక్కులో ఉంటాడు. నువ్వు సదువుకుంటాండావు కదా, విల్లు వంగేటట్లు నువ్వే గియ్యి" అన్నాడు.

తర్వాతి వారం తెలుగు మేడం క్లాసుకు ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చినారు. పేరు భీమాయన. అంబేద్కర్ గారి జీవితం మీద 2011లో వచ్చిన బొమ్మల పుస్తకం. బొమ్మలు వేసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే భార్యాభర్తలు. వాళ్లు మధ్యప్రదేశ్‌లో పరధాన్ గోండులు. అంటే ఆదివాసులు! దుర్గాబాయి గారు బడికి పోలేదట. ఆమెకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ పుస్తకంలో గడులు లేవు. మనుషుల్ని గడుల్లో పెడితే ఊపిరాడదని వాళ్లు గీతలు కొట్టలేదని మేడం చెప్పినారు. దాహం వేసిన చిన్న భీముని ఒంట్లో చేప ఉంటుంది. రైలు పాములాగా పోతుంది.

క్లాసులో సగంమంది "ఇవేం వంకర బొమ్మలు" అన్నారు. మన కడప జిల్లా చింతకుంటలో రాతి గుండ్ల మీద ఎప్పటి మనుషులో ఎర్ర రంగుతో, తెల్ల రంగుతో వేసిన ఎద్దులు, జింకలు ఉన్నాయని, వాటికీ గడులు లేవని మేడం చెప్పినారు. ఎద్దుకు మూపురం మాత్రం సరిగ్గా ఉంటుందట. వేసినవాళ్లు ఎద్దును చూసినారు కదా.

మేడం ఇంకొకటి చూపించినారు. ఆ పుస్తకంలో మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. కుట్టే మాటలకు తేలు కొండి ఉంటుంది. నా స్నేహితురాలు అది చూసి వెంటనే నా వైపు తిరిగింది. ఏమీ అనలేదు. "చదువు రాదు" అని నేను అన్న మాటకు కొండి ఉందని నాకు అప్పుడు కనిపించింది. మరి నేను చెప్పకుండా మింగిన మాటకు ఏ ఆకారం వేస్తారో నాకు తెలియలేదు.

ఆ రాత్రి ఆమెకు అంతా చెప్పినాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బావి దగ్గర, "మేడంకు చెప్తావా, చెప్పవా?" అని ఒక్క మాట అడిగింది. అందుకే ఇది రాసినాను. వార్డెన్ మేడం గారూ, ఆ పేజీ చించింది నేనే. ఆమె కాదు. ఆమె పోగొట్టుకున్న రెండు వారాలు నాకు వెయ్యండి. పేజీని అన్నం మెతుకుతో అతికించి పుస్తకంలో పెట్టినాను. ఇప్పుడు ఎవరైనా నవ్వితే, విల్లు వంగలేదు చూడండి అని చెప్తాను.

ఎవరికి ఏ బొమ్మ నచ్చుతుందో అది వాళ్ల ఇష్టం. శంకర్ గారి రాత్రి నాకు నచ్చుతుంది, ఎగిరి దూకే బొమ్మ నా స్నేహితురాలికి నచ్చుతుంది. దానికి కొట్లాట అక్కర్లేదు. కానీ ఏ బొమ్మనైనా ఒకటి మాత్రం అడగాలి. వేసినాయన ఆ మనిషిని ఒక్కసారన్నా చూసినాడా?

ఈ కాగితం కింద అతికించిన బొమ్మ నేను వేసిందే. మా తాత, వెదురు విల్లు. విల్లు వంగింది. వేళ్లు మాత్రం సరిగ్గా రాలేదు. రంగులు లేవని నా స్నేహితురాలు అప్పుడే వంక పెట్టింది. ఎవరి దగ్గరన్నా స్కెచ్ పెన్నులు ఉంటే ఇయ్యండి, ఆమె వేస్తానంటోంది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని