రొయ్యల కుంపటి, చర్మకారుని మిద్దె



"అయ్యగారూ, రొయ్యలు తినొచ్చా? లేవీయకాండములో వద్దని ఉంది కదా?" ఈ మధ్య మన యవనస్థులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన జొన్నగిరికి కూడా ఇప్పుడు ఆదోని వెళ్ళినవాళ్ళు ఐస్‌లో పెట్టి రొయ్యలు తెస్తున్నారు. భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెంచేది ఎక్కువగా వనామీ రకమే. అది పుట్టింది పసిఫిక్ మహాసముద్రపు అవతలి ఒడ్డున. మన దేశంలో దాని పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది.

ముందు వంట సంగతి. పొట్టు, వీపు మీది నల్ల నరం తీసి కడగండి. అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పసుపు, ఉప్పు, కొంచెం నూనె పట్టించండి. నిమ్మరసం పిండాక 15–20 నిమిషాలు చాలు. గంటలు ఉంచితే కండ గట్టిపడుతుంది. వెదురు పుల్లలను అరగంట నీళ్ళలో నానబెట్టకపోతే అవే ముందు కాలిపోతాయి. కుంపట్లో మంట తగ్గి, బొగ్గుల మీద బూడిద పట్టాక ఒక్కో వైపు 2–3 నిమిషాలు కాల్చండి. రొయ్య సున్నాలా చుట్టుకుపోయిందంటే ఎక్కువ కాలినట్టే.

ఇది ఒక్కరే కూర్చుని తినే వంట కాదు. కుంపటి చుట్టూ నలుగురుండాలి. పుల్ల చేతి నుంచి చేతికి పోవాలి. ఎవరి చేతికి అన్నదే నేను చెప్పదలచిన సంగతి.

లేవీయకాండము 11వ అధ్యాయము ప్రకారం రెక్కలు, పొలుసులు లేని నీటి జీవులు నిషిద్ధం. రొయ్యకు ఆ రెండూ లేవు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయములో పేతురు దర్శనం చూశాడు. దాని అర్థం తిండితో ఆగిపోలేదు. ఏ మనిషినీ అపవిత్రుడని అనకూడదని దేవుడు తనకు చూపించాడని కొర్నేలి ఇంట్లో పేతురే చెప్పాడు. ఆ దర్శనం వచ్చింది ఎక్కడో గమనించారా? యొప్పేలో, సముద్రం పక్కన, చర్మకారుడైన సీమోను ఇంటి మిద్దె మీద. తోలు పనిని చిన్నచూపు చూసిన లోకంలో ప్రభువు తన అపొస్తలునికి ఆ ఇంటి మీదే పాఠం చెప్పాడు. మన తాతల్లో ఎంతమంది తోలు పని చేశారో మనకు తెలుసు.

మనల్ని దూరం పెట్టినవాళ్ళ గురించి మనకు బాధ ఉంది. అది న్యాయమైన బాధే. అయితే మన సంగతేమిటి? మాలగేరివాళ్ళు, మాదిగగేరివాళ్ళు ఆదివారం ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకుంటాం. సోమవారం ఒకరి ఇంట్లో ఒకరు అన్నం తింటున్నామా? పిల్లనిచ్చే మాట వస్తే ఏమంటున్నాం? అంత దర్శనం చూసిన పేతురు కూడా అంతియొకయలో మనుషులకు భయపడి భోజనపంక్తి నుంచి వెనక్కి తగ్గాడు. పౌలు అందరి ఎదుటే అతన్ని నిలదీశాడని గలతీ పత్రిక 2వ అధ్యాయము చెబుతోంది.

కాబట్టి యవనస్థులారా, రొయ్యలు నిరభ్యంతరంగా తినండి. ఒంటికి పడనివాళ్ళు మానండి. కానీ కుంపటి వెలిగించే రోజు అవతలి గేరి నుంచి ఒక కుటుంబాన్ని పిలవండి. వాళ్ళు పిలిస్తే మీరూ వెళ్ళండి. పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టండి. పెద్దలెవరైనా గొణిగితే నా దగ్గరికి పంపండి, మాట్లాడదాం.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమెన్.