గోడ తాగే నీళ్ళు

అమెరికాలో చాలాచోట్ల గోడంటే జిప్సం బోర్డే. చెక్క ఫ్రేముకి బోర్డు బిగించి, అతుకుల మీద టేపు అంటించి, నున్నగా రుద్ది రంగు వేసేస్తారు. బోస్టన్ చుట్టుపక్కల మాత్రం ఇంకా ప్లాస్టర్ మేస్త్రులున్నారు. వాళ్ళు నీలం కాగితం అంటించిన బోర్డు కొట్టి, దాని మీద పలచగా, అంగుళంలో ఎనిమిదో వంతు మించకుండా వెనీర్ ప్లాస్టర్ లాగుతారు. ఆరాక ఆ గోడని గోటితో గీరినా గీత పడదు.

మా ఇల్లు 1964లో కట్టింది. వెనక గదిలో ఉన్నది నీలం బోర్డు కాదు, మామూలుదే. దాని మీద రంగు పూతలు, ఒక గోడకి వాల్‌పేపరు. మేస్త్రి వచ్చి చూసి రెండు దారులు చెప్పాడు: అంతా పీకేసి కొత్త బోర్డు కొట్టడం, లేదా పాతదాన్నే సిద్ధం చేసుకోవడం. రెండోదైతే ఆ సిద్ధం చేసే పని నన్నే చేసుకోమన్నాడు, కూలి కలిసొస్తుందని. ఆ ఏడాది మా నాన్న ఆరు నెలలు ఉండిపోదామని వచ్చాడు. ఆయన తెనాలి చుట్టుపక్కల నలభై ఏళ్ళు తాపీ పని చేసినవాడు.

ఆ నలభై ఏళ్ళలో నన్ను ఒక్కసారి కూడా పనిలోకి రానివ్వలేదు. వేసవి సెలవుల్లో మిగతా మేస్త్రుల పిల్లలు ఇటుకలు అందిస్తుంటే, నేను ఇంట్లో లెక్కలు చేసుకోవాలి. సరదాకి తాపీ పట్టుకున్నా లాక్కునేవాడు. రాత్రిళ్ళు సిమెంటు తిన్న వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ, "ఈ చేతులు నాతో ఆగిపోవాలి" అనేవాడు. అలాంటిది నేను ముక్కుకి మాస్కు కట్టుకుని గోడ గీకుతుంటే, ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని చూశాడు.

గీకడానికి ముందు చేయాల్సింది ఒకటుంది. ఈ దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అతుకులు పూడ్చే ముద్దల్లో ఆస్‌బెస్టాస్‌ని 1977లో. మా ఇల్లు రెండింటికంటే పాతది. అందుకని రంగు ముక్క, అతుకు దగ్గర ముద్ద ల్యాబుకి పంపి, రెండూ లేవని కాగితం వచ్చాకే పని మొదలుపెట్టాం. "ఈ దుమ్ముకి కూడా పరీక్షలుంటాయా?" అన్నాడు నాన్న. ఆయన తెల్లారితే దుమ్ములోనే ఉన్నవాడు, ఇప్పటికీ పొద్దున్నే దగ్గుతాడు.

వాల్‌పేపరు తీశాను. దాని జిగురు వదిలేదాకా కడిగాను. లేచిన రంగు పెచ్చులు గీకి, మెరిసే చోట గరుకు కాగితంతో మెరుపు చంపాను. నొక్కితే కదిలే బోర్డుని మళ్ళీ చెక్కకి స్క్రూలతో బిగించాను. పైకి తేలిన మేకులు పీకాను. కాగితం చిరిగిన చోట చుట్టూ బ్లేడుతో కోసి, లోపలి గోధుమరంగు పొర మీద సీలర్ పూశాను. అలా వదిలేస్తే తడికి ఉబ్బుతుంది.

నాన్న అప్పుడు లేచి మగ్గుతో నీళ్ళు తెచ్చాడు, గోడ మీద కొట్టడానికి. "ఆగు నాన్నా!" అన్నాను. "తడపకుండా పూత ఎట్టా నిలుస్తదిరా?" అన్నాడు. ఇటుక గోడకి ఆయన మాటే నిజం. ఎండిన ఇటుక సిమెంటులోని నీళ్ళు తాగేస్తుంది, అందుకని ముందే దాని దాహం తీర్చాలి. తర్వాత వారం రోజులు నీళ్ళు కొట్టాలి. జిప్సానిది వేరే దారి. కొత్త నీలం బోర్డు కాగితం కొలత ప్రకారం నీళ్ళు పీల్చుకుంటుంది, ఆ పీల్చుడుతోనే ప్లాస్టర్ స్ఫటికాలు కాగితాన్ని పట్టుకుంటాయి. గంటా రెండు గంటల్లో గట్టిపడుతుంది, ఆ తర్వాత దానికి కావాల్సింది ఆరడమే. రంగు వేసిన పాత బోర్డు అసలు తాగదు. తడిపితే ఉబ్బేది కాగితమే. అందుకని దానికి బాండింగ్ ఏజెంట్ అనే జిగురు పూత వేయాలి. ఎక్కడ వేశామో, ఎక్కడ వదిలేశామో కనబడ్డానికి అందులో రంగు కలుపుతారు. నీలం బోర్డే ఎండకి వెలిసిపోయినా పట్టు తగ్గుతుంది. సున్నం కలిసిన ప్లాస్టరైతే దానికి పటిక నీళ్ళు చల్లే పద్ధతి ఉంది. పటిక మాట వినగానే నాన్న మొహం వెలిగింది. మంగలి దగ్గర తప్ప దానికి ఇంకో పనుందని ఆయనకి తెలీదు.

సిమెంటు మరీ త్వరగా బిగుసుకోకుండా ఫ్యాక్టరీలో కాస్త జిప్సం కలుపుతారని కూడా చెప్పాను. "నలభై ఏళ్ళు పిసికాను, ఎవడూ చెప్పలా" అన్నాడు. అందులో కోపం లేదు. నాకే ఎక్కడో గుచ్చుకుంది.

అతుకులకి జాలీ టేపు అంటించి, రోలరుతో జిగురు పూసి, ఆరాక మేస్త్రికి కబురు చేశాం. ఆయన వెంట ఒక కుర్రాడొచ్చాడు. మేస్త్రి గోడ అంతా అరచేత్తో తడిమి తలూపాడు. మొదట ఒక గట్టి పూత, దాని మీద నున్నటి పూత. నాన్న గుమ్మంలో నిలబడి రెప్పవేయకుండా చూశాడు. వాళ్ళకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. అయినా పూత పలచబడిన చోట ఈయన చెయ్యి ఎత్తబోతుండగానే, ఆయన తాపీ అక్కడికి వెళ్ళేది.

"ఆ పిల్లాడు ఎవరో అడుగు" అన్నాడు. అడిగాను. మేస్త్రి కొడుకట, పదో ఏట నుంచీ సెలవుల్లో వెంట తిప్పాడట, ఇప్పుడు లైసెన్సుకి చదువుకుంటూ పని చేస్తున్నాడట. నాన్న ఏమీ అనలేదు. సంచులు మోస్తున్న ఆ కుర్రాడి చేతుల వైపు చూశాడు. దళసరి గ్లవ్సులు తొడిగి ఉన్నాయి.

ఈ ప్లాస్టర్‌లో ఒక తిరకాసుంది. బకెట్లో పాత ముద్ద ఏ కొంచెం మిగిలినా, కొత్తగా కలిపింది లెక్కకంటే ముందే గట్టిపడుతుంది. పాత స్ఫటికాలే కొత్తవాటికి విత్తనాలవుతాయి. అందుకే ఒక్కో కలుపుకీ బకెట్ శుభ్రంగా కడగాలి. కుర్రాడు బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే, నాన్న వెనకే వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే ట్యూబు పట్టుకుని ఆయన నీళ్ళు పోస్తున్నాడు, అతను అంచులు తోముతున్నాడు. చెయ్యి పెట్టి తడిమి, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించాడు నాన్న. కుర్రాడు నవ్వి మళ్ళీ తోమాడు.