రీమ్యాప్ చేయించే ముందు క్లచ్ చూసుకోండి

జనగామ, మానుకోట, భూపాలపల్లి మిత్రుల్లో ఎవరైనా పోలో జీటీ టీడీఐ లాంటి డీజిల్ బండికి ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాలనుకుంటే ఒక మాట. ఈ పోలోకు కంపెనీ ఇచ్చిన టార్క్ 250 న్యూటన్ మీటర్లు. రీమ్యాప్‌తో అది 300 దాటిపోతుంది. క్లచ్ ప్లేటును ఒత్తిపట్టే బలం మాత్రం పాతదే.

నాలుగో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు పైకి లేచి, బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఈ పరీక్ష ఖాళీ రోడ్డు మీదే చేయండి. బొగ్గు లారీలు తిరిగే పరకాల–భూపాలపల్లి దారిలో వద్దు.

గేర్ కష్టంగా పడుతూ, పెడల్ కిందికి దిగిపోతుంటే అది వేరే లోపం. హైడ్రాలిక్ లైన్‌లో గాలి చేరిందేమో, సిలిండర్ లీకవుతోందేమో ముందు చూపించండి. దానికి ప్లేటు మార్చి డబ్బులు పోగొట్టుకోవద్దు.

కొత్త క్లచ్ వేయించేటప్పుడు ఫ్లైవీల్‌ను, క్రాంక్ ఆయిల్ సీల్‌ను కూడా చూడమనండి. ఆయిల్ అంటితే ఎంత ఖరీదైన ప్లేటైనా జారుతుంది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి. ప్లేటు కుదురుకోవాలి.

కింది ఆర్‌పీఎంలో టార్క్ తగ్గించమని రీమ్యాప్ చేసే ట్యూనర్‌ను అడగడం నామోషీ కాదు. లారీని ఓవర్‌టేక్ చేస్తుండగా క్లచ్ జారితే ప్రాణాల మీదికి వస్తుంది. ముందు పట్టు, తర్వాతే పవర్.